బావి దగ్గర లేచినవారు

వాక్యభాగం: నిర్గమకాండము 2:15-17



మిద్యాను యాజకుని ఏడుగురు కుమార్తెలు నీళ్లు చేది తొట్లు నింపారు. అంతలో కాపరులు వచ్చి వారిని తోలివేశారు. కష్టం ఆడపిల్లలది, నీళ్లు బలవంతులవి!

కేరళలోని ప్లాచిమడలోనూ ఇదే జరిగింది. 2000లో అక్కడ కోకా-కోలా కర్మాగారం మొదలైంది. అది భూగర్భజలం తోడుతుండగా చుట్టుపక్కల బావులు అడుగంటాయి. మిగిలిన నీళ్లు తాగడానికీ వంటకూ పనికిరాలేదు. మంచినీళ్ల కోసం దూరం నడవవలసింది ఆడవాళ్లే. అందుకే ఎరవాలర్ తెగకు చెందిన మయిలమ్మ, తోటి ఆదివాసీ స్త్రీలతో కలిసి పోరాటానికి ముందు నిలిచారు. 2002 ఏప్రిల్ 22న కర్మాగారం ఎదుట నిరసన మొదలైంది. 2003లో పంచాయతీ లైసెన్సు పొడిగించనన్నది. 2004 మార్చిలో ఉత్పత్తి ఆగింది. జరిగిన నష్టం 216 కోట్ల రూపాయలని 2010లో ప్రభుత్వ కమిటీ లెక్కగట్టింది. పరిహారం కోసం శాసనసభ ఆమోదించిన బిల్లు మాత్రం చట్టం కాలేదు.

మిద్యానులో మోషే పరదేశి, ప్రాణభయంతో వచ్చినవాడు. అయినా ‘నాకెందుకు’ అనుకోలేదు. లేచి, ఆ కుమార్తెలకు సహాయం చేసి, వారి మందకు నీళ్లు పెట్టాడు. బావిని తనది చేసుకోలేదు.

ఆలోచించండి: పరదేశులమైన మనం నివసించే చోట నీటి కోసం నిలబడిన మూలవాసులు ఎవరు? వారి మాట ఎప్పుడైనా విన్నామా?