మిషన్ 21 అంది, నేను అన్నం మానేశాను

ఈసారి సంచికకి ఏదైనా సైన్స్ వ్యాసం రాయమని క్లబ్ వాళ్ళు అడిగారు. పుస్తకంలో చదివింది కాకుండా, నా ఒంటి మీద పడ్డాక నేర్చుకున్న సైన్స్ ఒకటుంది. అదే రాస్తున్నాను.

నేను మన కాలేజీ కబడ్డీ టీంలో రైడర్‌ని. పోయిన ఏడాది సెలక్షన్స్‌కి మూడు వారాల ముందు మా రూమ్మేట్ ఆన్‌లైన్‌లో బాడీ ఫ్యాట్ మిషన్ తెప్పించాడు. ఒక గాజు పలక, దాని మీద నాలుగు లోహపు బిళ్ళలు, ఫోన్‌లో ఒక యాప్. అందరితో పాటు నేనూ ఎక్కాను. బరువు 72 కిలోలు. కొవ్వు 21 శాతం. పక్కనే నారింజ రంగులో ‘ఎక్కువ’ అని వచ్చింది. రోజూ పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తేవాడికి ఆ మాట ఎలా తగులుతుందో మీరే ఊహించండి.

ఆ రాత్రే అన్నం మానేశాను. పది రోజుల్లో బరువు 70కి దిగింది. కొవ్వు మాత్రం 22 అయింది! ఇంకా తగ్గించాలేమో అనుకుని చపాతీలు కూడా సగం చేశాను. సెలక్షన్స్ రోజు రెండో కూతకే ఊపిరి అందలేదు. మూడోసారి వెళ్తే పిక్క పట్టేసి గీత దాకా రాలేకపోయాను. పి.డి. సార్ దగ్గరికొచ్చి అడిగింది ఒక్కటే: “ఏరా, ఏమైనా తిన్నావా?”

టీంలో నా పేరు రాలేదు. ఆ కోపంలో, అసలు ఈ మిషన్ ఏం కొలుస్తుందో చూద్దామని కూర్చున్నాను.

లోపల జరిగేది

ఈ మిషన్‌కి మన కొవ్వు కనిపించదు. ఒక పాదం నుంచి మనకు తెలియనంత చిన్న కరెంట్ పంపి, రెండో పాదం దగ్గర పట్టుకుంటుంది. సాధారణంగా ఇది 50 కిలోహెర్ట్జ్ ఏసీ. దారిలో ఎంత అడ్డు తగిలిందో కొలుస్తుంది. కండలో నీళ్ళు, లవణాలు ఎక్కువ కాబట్టి కరెంట్ బాగా పోతుంది. కొవ్వులో నీళ్ళు తక్కువ కాబట్టి పోదు.

టెన్త్‌లో చదివిన సూత్రమే. రెసిస్టెన్స్ అంటే రెసిస్టివిటీని పొడవుతో గుణించి, మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగించడం. పైనా కిందా పొడవుతో గుణిస్తే వైశాల్యం స్థానంలో ఘనపరిమాణం వస్తుంది. అంటే పొడవు, రెసిస్టెన్స్ తెలిస్తే ఒంట్లో నీళ్ళు ఎన్నో అంచనా వేయొచ్చు. కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీళ్ళు అనుకుని ఆ భాగం బరువు కడతారు. మొత్తం బరువులోంచి అది తీసేస్తే మిగిలింది కొవ్వు.

చూశారా, కొలిచింది బరువు, రెసిస్టెన్స్ రెండే. మిగతాదంతా మనం యాప్‌లో కొట్టిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాలతో వేసిన లెక్క.

ఆటగాళ్ళ దగ్గరే ఎందుకు తప్పుతుంది?

మొదటిది, ఆ లెక్క కొంతమందిని కొలిచి, వాళ్ళ సగటుకి సరిపోయేలా గీసిన గీత. అదే బరువు, అదే ఎత్తు ఉన్న మామూలు మనిషికి ఎంత కొవ్వు ఉంటుందో అది మనకీ అంటగడుతుంది. ఈ పొరపాటు పాతదే. 1942లో అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెంకే, తన సహచరుడితో కలిసి 25 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్ళను నీళ్ళలో ముంచి తూచాడు. ఎత్తు-బరువు పట్టికల ప్రకారం వాళ్ళలో 17 మంది సైన్యానికి పనికిరానంత లావు. తీరా చూస్తే వాళ్ళలో ఎక్కువమందికి కొవ్వు తక్కువే, ఉన్నదంతా కండ.

రెండోది, కరెంట్ దారి. పాదం నుంచి పాదానికి వెళ్ళే కరెంట్ కాళ్ళు, పొత్తికడుపు దాకానే వెళ్ళొస్తుంది. మన ఛాతీ, భుజాలు, చేతులు దాని దారిలో లేనే లేవు.

మూడోది, నీళ్ళు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. కండల్లో దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీళ్ళు ఉంటాయి. అన్నం మానేస్తే ముందు పోయేది అదే. నీళ్ళు తగ్గితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, మిషన్ దాన్ని కొవ్వు అనుకుంటుంది. నా బరువు తగ్గి కొవ్వు శాతం పెరగడంలో మర్మం అదన్నమాట. ఒళ్ళు ఎండిపోతుంటే నేను లావెక్కుతున్నాననుకున్నాను.

మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టి, 72కి వచ్చాక ఒక పరీక్ష చేశాను. పొద్దున్నే 21 శాతం. లీటరు నీళ్ళు తాగిన వెంటనే ఎక్కితే దాదాపు 22. ఎందుకంటే తాగిన నీళ్ళు పొట్టలోనే ఉన్నాయి. బరువు పెరిగింది, రెసిస్టెన్స్ మారలేదు. ప్రాక్టీస్ అవ్వగానే చెమటతో ఎక్కితే 19. వేడెక్కిన చర్మం, చెమట వల్ల కరెంట్ తేలిగ్గా పోయింది. ఇక యాప్‌లో ‘అథ్లెట్ మోడ్’ నొక్కితే 14! రెసిస్టెన్స్ అదే, మారింది ఫార్ములా. 72 కిలోల్లో ఏడు శాతం అంటే ఐదు కిలోలు. ఒక్క బటన్‌తో ఐదు కిలోల కొవ్వు మాయం. అలాగని 14 నిజమని కాదు. అదీ ఇంకో అంచనాయే.

మరి పారేయాలా?

అక్కర్లేదు. ‘ఎంత ఉంది’ అని అడిగితే నమ్మకంగా చెప్పలేదు కానీ, ‘పెరుగుతోందా, తగ్గుతోందా’ అని నెలల మీద అడిగితే కొంత పనికొస్తుంది. దానికి కొన్ని షరతులు. రోజూ పొద్దున్నే, టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తాగకముందు, శుభ్రమైన పాదాలతో ఎక్కండి. మోడ్ మధ్యలో మార్చకండి. ఒక్క రోజు అంకె వదిలేసి వారం సగటు రాసుకోండి. పక్కనే నడుముకి టేపు కొలత, మీ పరుగు టైమింగ్ కూడా రాయండి. నడుము అంతే ఉండి టైమింగ్ మెరుగవుతుంటే మిషన్ ఏమన్నా పట్టించుకోకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని ఎక్కనే కూడదు. ఇంటికి తీసుకెళ్తే తాతయ్యలకీ అమ్మమ్మలకీ ఈ మాట చెప్పండి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అథ్లెటిక్స్ టీంలో ఒక జూనియర్ ఇలాంటి మిషన్ మీద అంకె చూసి రెండు నెలలుగా రాత్రి భోజనం మానేసిందని ఈమధ్యే తెలిసింది. ఆడే ఆటకి సరిపడా తినకపోతే అమ్మాయిలకి నెలసరి ఆగిపోయి, ఎముకలు బలహీనపడే దాకా పోవచ్చు. నాకు పోయింది ఒక సీజన్ మాత్రమే.

ఆ చెల్లికీ, మా రూంకి వచ్చి మిషన్ ఎక్కే ప్రతి జూనియర్‌కీ నేను చెప్పేది ఒకటే. అది చెప్పిన అంకె చూసి కంచం ముందు నుంచి లేవకండి. ఏదైనా అనుమానం ఉంటే పి.డి. సార్‌నో, డాక్టర్‌నో అడగండి. ఈ ఏడాది సెలక్షన్స్ వచ్చే నెలలో ఉన్నాయి. నేను మూడు పూటలా తింటున్నాను.