గుంజీలు ఆపండి, ఆట ఆపకండి

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ అని తేలింది. కండలు గట్టిపడాలని మావారు రోజూ గుంజీలు తీయిస్తున్నారు, మెట్లెక్కించి దింపుతున్నారు. మంచిదేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ రెండూ ఈ రోజే మాన్పించండి. మీవారి తపన అర్థమవుతోంది. కానీ ఈ జబ్బులో కండర కణాల పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారుకాదు. మెట్లు దిగేటప్పుడు, గుంజీలో కిందికి కూర్చునేటప్పుడు కండరం సాగుతూ బరువు మోస్తుంది. అప్పుడే ఆ పొర ఎక్కువగా చిరుగుతుంది.

అలాగని మంచానికి కట్టేయకండి. కనిపెట్టుకుని ఉండే పెద్దలుంటే ఈత చాలా మేలు. అన్నిటికన్నా ముఖ్యం పిక్క సాగదీయడం. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా, మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచండి. పిక్క లాగాలి, నొప్పి పుట్టకూడదు. కాసేపు ఉంచి వదలండి. ఒక్కసారి ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోండి. వారంలో నాలుగైదు రోజులైనా చేయాలి. మునివేళ్ల నడక త్వరగా ముదరకుండా చూసేది ఇదే.

మర్నాటికీ ఒళ్లునొప్పులుంటే ఆట ఎక్కువైనట్టే. మూత్రం కోలా రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏటా గుండె పరీక్ష మాత్రం మరవకండి.