గొడ్డూ గోదాతో పల్లెకు కాపురం మారుస్తున్నారా? ముందు మేత, తర్వాత గొడ్లు, ఆఖర్న ఇల్లు

పైన వీడియోలో మా ముప్పాళ్ళ పొలం, గొడ్ల చావిడి, గుర్రం పాక అన్నీ చూపించాను. వీడియోలో తొందరగా చెప్పేసిన విషయాలను ఇక్కడ వరసగా రాస్తున్నాను. టౌను వదిలి పల్లెకు వచ్చి ప్రకృతి వ్యవసాయం చేద్దామనుకునే వాళ్ళు ఈ మధ్య చాలా మంది అడుగుతున్నారు. అందరూ ఇల్లు, బోరు, కరెంటు గురించే అడుగుతారు. గొడ్లను ఎలా మార్చాలని అడిగేవాళ్ళు తక్కువ. నేనూ అడగలేదు. అందుకే దెబ్బ తిన్నాను.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. గుంటూరు శివార్లో అద్దె స్థలంలో రెండు ఒంగోలు ఆవులు, ఒక లేగదూడ, ఆరు మేకలు, కొన్ని నాటుకోళ్ళు పెంచుకునేవాళ్ళం. వీటితో పాటు రాణి అని ఒక ఆడ గుర్రం. పెళ్ళి ఊరేగింపులకు తిప్పి తిప్పి, వయసు మళ్ళాక అమ్మేస్తుంటే మా పాప ఏడుస్తుందని తీసుకున్నాను. సంక్రాంతి దాటగానే అందరం ముప్పాళ్ళకు వచ్చేశాం.

మూడో రోజు రాత్రి ఏం జరిగింది?

వచ్చేటప్పుడు ఒక్కరోజుకు సరిపడా పాత మేత తెచ్చాను. పల్లెలో గడ్డికేం కొదవ అనుకున్నాను. రెండో రోజు నుంచి రాణికి వరిగడ్డి, వేరుశనగ కట్టె వేశాను. అంతకుముందు అది తిన్నది జొన్న చొప్ప, పచ్చగడ్డి, కొంచెం దాణా. నీళ్ళు కూడా మారాయి. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, మూతి పెట్టి వదిలేసింది. నేను పట్టించుకోలేదు, దాహం వేస్తే అదే తాగుతుందిలే అనుకున్నాను.

మూడో రోజు రాత్రి కాలితో నేల తవ్వడం మొదలుపెట్టింది. మాటిమాటికీ వెనక్కి తిరిగి డొక్క వైపు చూసుకుంటోంది. పడుకుని దొర్లుతోంది. పొద్దుటి నుంచి పేడ వేయలేదు.

పక్క పొలం పెదనాన్న ఒకాయన ఆముదం, వెదురు గొట్టం పట్టుకుని వచ్చాడు. "ఏందబ్బాయ్, చూస్తా నిలబడ్డావు? తల పైకెత్తి పట్టు, పోసేద్దాం" అన్నాడు. గొడ్లకు అలా పోయడం మనకు అలవాటే. ఈలోపు డాక్టర్ గారు ఫోన్ ఎత్తారు. "నోట్లో ఏమీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే నా చేతుల్లో కూడా ఏమీ ఉండదు. మేత తీసెయ్యండి, దొర్లకుండా మెల్లగా నడిపించండి, వస్తున్నాను" అన్నారు.

ఆయన వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి పారాఫిన్ నూనె ఎక్కించారు. నొప్పికి ఇంజెక్షన్, సెలైన్ పెట్టారు. తెల్లారే దాకా నేనూ మా ఆవిడా వంతులేసుకుని నడిపించాం. పొద్దున ఆరింటికి పేడ వేసింది. పాప లేచేసరికి గుర్రం బతికే ఉంది. పేడ చూసి సంతోషపడటం ఏంటో ఆ రోజు తెలిసింది.

డాక్టర్ గారు వెళ్తూ చెప్పింది ఇది: గుర్రం కక్కలేదు. ఆవుకున్నట్టు నాలుగు గదుల పొట్ట కాదు, నెమరు వేయదు. మేత ఒక్కసారిగా మారినా, నీళ్ళు తగ్గినా పేగులో గడ్డి గట్టిపడిపోతుంది. దీన్నే కోలిక్ అంటారు. గుర్రాలు ఎక్కువగా దీంతోనే పోతాయి.

మూడు నెలల ముందు: మేత, నీళ్ళు

ఇల్లు కట్టకముందే మేత వేయండి. సూపర్ నేపియర్ ముక్కలు నాటితే మొదటి కోతకు రెండున్నర నెలలు పడుతుంది. గట్ల మీద అవిశ, మధ్యలో అలసంద వేసుకోండి. వరి కోతలప్పుడే గడ్డి కొని వాము వేసుకోండి, ఎండాకాలంలో రేటు పెరుగుతుంది.

మా పల్నాడులో సాగర్ కుడి కాలువ నీళ్ళు ఏడాదంతా ఉండవు. కాలువ చూసి ధైర్యపడకండి, వేసవిలో గాబు ఎలా నింపుతారో ముందే చూసుకోండి. గుర్రానికి రోజుకు 25 నుంచి 40 లీటర్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. పాలిచ్చే ఆవుకు అంతకంటే ఎక్కువే పడతాయి.

చుట్టుపక్కల ఏం పంటలు వేశారో చూడండి. ఇక్కడ మిర్చి, పత్తి ఎక్కువ. మిర్చి తోటలో మందు కొట్టే రోజుల్లో గాలివాటున ఉన్న గట్టు గడ్డి కోయొద్దు. పక్క రైతుతో గొడవ పెట్టుకోవడం కాదు, "బాబాయ్, కొట్టే ముందు ఒక మాట చెప్పు" అని అడిగి పెట్టుకోండి. మా పక్కాయన ఇప్పుడు ముందు రోజే ఫోన్ చేస్తాడు.

నెల ముందు: టీకాలు, కాగితాలు

ఆవులకు గాలికుంటు, గొంతువాపు, మేకలకు పీపీఆర్, కోళ్ళకు కొక్కెర తెగులు టీకాలు కనీసం మూడు వారాల ముందే వేయించండి. బండి ఎక్కే రోజు వేయిస్తే లాభం లేదు, టీకా పని చేయడానికి టైము పడుతుంది. గుర్రానికి ధనుర్వాతం టీకా తప్పనిసరి. కొత్తగా గుర్రం కొనేవాళ్ళు గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించాకే డబ్బులివ్వండి. అది మనుషులకూ సోకే జబ్బు.

1978 నాటి పశు రవాణా నిబంధనల ప్రకారం పశువుల డాక్టర్ సర్టిఫికెట్ బండిలో ఉండాలి. లారీకి ఆరుకు మించి ఆవులు ఎక్కించకూడదు. వాటితో పాటు ఇంటి సామాను వేయకూడదు. బీరువా, ఆవు ఒకే ట్రిప్పులో అనే ఆలోచన మానుకోండి.

బండి ఎక్కించే రోజు

- తెల్లవారుజామున బయల్దేరండి. ఎండ ఎక్కేలోపు దింపేయాలి.
- బండి అడుగున ఇసుక, దాని మీద వరిగడ్డి మందంగా పరచండి. లేకపోతే గిట్టలు జారతాయి.
- గుర్రాన్ని, మేకలను ఆవులతో కలపొద్దు. దూడ తల్లికి కనబడేలా ఉండాలి.
- కోళ్ళను ముందు రాత్రి చీకట్లో పట్టి గంపల్లో పెట్టండి, పగలు తరమొద్దు.
- ఎక్కించడానికి తోక మెలితిప్పొద్దు. గడ్డి చూపించి నడిపించండి, అరగంట ఆలస్యమైనా పర్వాలేదు.

మొదటి 15 రోజులు

పది రోజులకు సరిపడా పాత మేత వెంట తెచ్చుకోండి. మొదటి మూడు రోజులు ముప్పావు వంతు పాతది, పావు వంతు కొత్తది. తర్వాత మూడు రోజులు సగం సగం. ఆ తర్వాత పావు పాతది, ముప్పావు కొత్తది. నీళ్ళ రుచి మారితే తాగని గుర్రానికి, మారడానికి వారం ముందు నుంచే నీళ్ళలో కొద్దిగా బెల్లం కలిపి అలవాటు చేయండి. కొత్త చోటా అదే బెల్లం నీళ్ళు పెట్టి మెల్లగా తగ్గించండి.

ఊరి మందలో రెండు మూడు వారాలు కలపొద్దు. కోళ్ళను వారం పది రోజులు కొత్త గూట్లోనే ఉంచండి, అప్పుడే సాయంత్రానికి తిరిగొస్తాయి. గుర్రానికి ముళ్ళకంచె వద్దు. బెదిరి పరిగెత్తితే చీరుకుపోతుంది. మేం వెదురు బొంగులు కట్టాం. నల్లరేగడి వానాకాలంలో బురదవుతుంది, గిట్టలు కుళ్ళిపోతాయి. అందుకే పాకలో గ్రావెల్ పోసి ఎత్తు చేశాం, రోజూ గిట్టలు గీకి శుభ్రం చేస్తాం.

1962 టోల్ ఫ్రీ నంబరు, దగ్గర్లోని పశువైద్యశాల నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. రాత్రి పూట ఎవరు వస్తారో ముందే కనుక్కోండి. నేను ఆ పని చేయక ఆ రాత్రి గంటన్నర పోగొట్టుకున్నాను.

ఆవు తింటుంది కదా అని గుర్రానికి పెట్టొద్దు

- సుబాబుల్ ఆకు: మేకలు ఇష్టంగా తింటాయి. గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి.
- సూపర్ నేపియర్ ఒక్కటే: అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. వేరే గడ్డి కలపాలి.
- కోళ్ళ దాణా: కొన్నింటిలో మోనెన్సిన్ అనే మందు ఉంటుంది. గుర్రం ప్రాణం తీస్తుంది. దాణా బస్తాలు వేరే గదిలో తాళం వేసి పెట్టండి.
- ముక్కిపోయిన, బూజు పట్టిన గడ్డి.

ఆవులకూ ఒకటి చెప్పాలి. లేత జొన్న, నీళ్ళెద్దడికి గిడసబారిన జొన్న వేయొద్దు, విషం ఉంటుంది. పూతకొచ్చాకే కోయండి.

పేడ సంగతి

ద్రవ జీవామృతానికి నేను నాటు ఆవు పేడ, మూత్రమే వాడతాను. 200 లీటర్ల నీళ్ళకు పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. ఇది ఒక ఎకరానికి. గుర్రం పేడ వేడి చేస్తుంది, కలుపు గింజలు అరగకుండా వచ్చేస్తాయి. బాగా కుళ్ళబెట్టి, కంపోస్టు చేశాకే పొలంలో వేయండి. అందులో ధనుర్వాతం క్రిములు ఉండొచ్చు కాబట్టి ఎత్తేవాళ్ళు చెప్పులు వేసుకోవాలి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాలి.

గుర్రం వల్ల లాభమా?

నిజం చెప్తున్నాను, మాకు డబ్బు లాభం లేదు. మన్యంలో, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, రోడ్డు లేని ఊళ్ళ గిరిజనులు గుర్రాల మీద సంతకు సరుకులు మోసుకుంటారు. అక్కడ అది బతుకుతెరువు. మా దగ్గర ఆవే లెక్కల్లోకి వస్తుంది, రాణి మా ఇంటి మనిషి లాంటిది. కాబట్టి లాభం కోసమైతే గుర్రం వద్దు. ఉన్నదాన్ని వదిలేయలేక తెచ్చుకుంటే మాత్రం, అది వచ్చే ముందే దాని మేత రావాలి.

ఆముదం తెచ్చిన పెదనాన్న ఇప్పుడు రోజూ సాయంత్రం వచ్చి రాణిని ఒకసారి చూసి వెళ్తాడు. "పేడ వేసిందా అబ్బాయ్?" అని అడుగుతాడు. మీరూ రోజూ పొద్దున్నే చావిట్లోకి వెళ్ళగానే ముందు ఆ సంగతి చూసుకోండి. ఉంటాను.