కాకి వాలింది, తాటిపండు పడింది, బ్రౌజర్ క్రాషయింది

ఈ వ్యాసం సరదాకి రాయట్లేదు మిత్రులారా. నేను చేసిన ఒక తప్పుకి జరిమానా అనుకుని రాస్తున్నా. చదివాక మీలో ఒక్కరైనా అదే తప్పు చేయకుండా ఆగితే జరిమానా కట్టేసినట్టే.

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి పదకొండింటికి పక్క రూం జూనియర్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, మొన్న బ్రౌజర్ అప్‌డేట్ అయింది. అప్పట్నుంచీ ఊరికే మూసుకుపోతోంది. ఇంకో మూడు రోజుల్లో స్కాలర్‌షిప్ రెన్యూవల్‌కి ఆఖరు తేదీ. కొంచెం చూడవా?" అన్నాడు. మా వింగ్‌లో నాకు సిస్టమ్ డాక్టర్ అని పేరు. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వైద్యం మొదలెట్టేశా. ముందు బ్రౌజర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. తగ్గలేదు. "అప్‌డేట్‌లో ప్రొఫైల్ పాడైనట్టుంది రా" అంటూ ప్రొఫైల్ ఫోల్డర్ పట్టుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టేశా. రీసైకిల్ బిన్‌లో కూడా మిగల్లేదు. బ్రౌజర్ చక్కగా తెరుచుకుంది. "ఛాయ్ బాకీ నువ్వు" అన్నా.

పావుగంటలో వాడు మళ్ళీ వచ్చాడు. లెక్చర్ వీడియో పెట్టగానే మళ్ళీ క్రాష్. పైగా సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. స్కాలర్‌షిప్ పోర్టల్ పాస్‌వర్డ్ వాడికి గుర్తులేదు. కొత్తది పెట్టుకుందామంటే ఓటీపీ వాళ్ళ నాన్న పాత నంబరుకి వెళ్తుంది. రీచార్జి చేయక ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. చివరికి నంబరు మార్పించడానికి ఆయన ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కి వచ్చారు. ఆఖరు రోజు సాయంత్రానికి పని అయింది. వెళ్తూ వెళ్తూ నన్ను చూసి, "మావాడికి సాయం చేసింది నువ్వేనా బాబూ" అన్నారు. ఆ మాటకి నేను ఏం జవాబు చెప్పానో నాకే గుర్తులేదు.

కాకతాళీయం అంటే

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది. సరిగ్గా అప్పుడే పండు రాలింది. చూసినవాడు కాకి బరువుకే రాలిందనుకుంటాడు. దీన్నే మనవాళ్ళు కాకతాళీయ న్యాయం అన్నారు. 'అప్‌డేట్ తర్వాత క్రాష్ అవుతోంది' అన్నది మనం చూసిన విషయం. 'అప్‌డేట్ వల్ల క్రాష్ అవుతోంది' అన్నది మన ఊహ. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరంలోనే నేను బోల్తాపడ్డా.

ఇందులో పెద్దవాళ్ళకి కూడా పరీక్ష ఎదురైంది. 2022 జనవరి 13న ప్రపంచమంతా చాలామందికి ఫైర్‌ఫాక్స్ బిగుసుకుపోయింది, ఏ పేజీ తెరుచుకోలేదు. వెర్షన్ 96 వచ్చి అప్పటికి రెండు రోజులే. వేలు అటే చూపాలనిపిస్తుంది కదా? తర్వాత మొజిల్లా ఇంజినీర్లు రాసిన వివరణ ప్రకారం, ఆ రోజు కొత్తగా మారింది యూజర్ల కంప్యూటర్లలో కాదు. ఫైర్‌ఫాక్స్ తన సొంత సేవలకు వాడుకునే క్లౌడ్ సర్వర్ల దగ్గర హెచ్‌టీటీపీ 3 అనే ప్రోటోకాల్ సెట్టింగ్ మారింది. బ్రౌజర్ లోపల అప్పటికే నిద్రపోతున్న ఒక బగ్ ఆ మార్పుతో లేచింది. ఒక హెడర్ పేరులో పెద్దక్షరాల కోసం కోడ్ వెతికింది, వచ్చినవి చిన్నక్షరాలు. దొరక్కపోయేసరికి అంతులేని లూపులో పడింది. నెట్‌వర్క్ పనంతా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది కాబట్టి మొత్తం ఆగిపోయింది. ఆ రోజు ఎవరైనా కోపంతో ప్రొఫైల్ చెరిపేసుకుని ఉంటే, పోయింది వాళ్ళ బుక్‌మార్కులే, బగ్ కాదు.

సరే, ఇక పద్ధతి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న క్రమం.

ఒకటి: ముందు మూట కట్టుకోండి

బ్రౌజర్ రెండు భాగాలు. ఒకటి ప్రోగ్రామ్, రెండోది ప్రొఫైల్. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ, ఎక్స్‌టెన్షన్లు ఉండేది ప్రొఫైల్‌లో. అన్‌ఇన్‌స్టాల్ చేసినా మామూలుగా ప్రొఫైల్ అలాగే ఉంటుంది. అందుకే 'తీసేసి మళ్ళీ వేస్తే పోతుంది' అనే హాస్టల్ వైద్యం చాలాసార్లు పనిచేయదు. పాడైన సరుకు ప్రొఫైల్‌లో ఉంటే కొత్త ప్రోగ్రామ్ వచ్చి మళ్ళీ దాన్నే తెరుస్తుంది.

ప్రొఫైల్ ఎక్కడుందో కనుక్కోవడం తేలిక. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టండి. క్రోమ్‌లో అయితే క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, వెర్షన్. బ్రౌజర్ పూర్తిగా మూసేసి ఆ ఫోల్డర్‌ని వేరే చోటికి కాపీ చేయండి. ఒక హెచ్చరిక: విండోస్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లకి మీ విండోస్ అకౌంట్‌తో ముడిపడిన తాళం ఉంటుంది. ఫోల్డర్ కాపీ చేసి వేరే మెషిన్‌లో పెడితే అవి తెరుచుకోవు. అందుకని బ్రౌజర్ నిలబడి ఉన్న ఆ రెండు నిమిషాల్లోనే సెట్టింగ్స్‌లోంచి పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఆ ఫైలు ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటుంది. పని అయ్యాక చెరిపేయడం మర్చిపోవద్దు.

రెండు: ఏది పడింది, ఎప్పుడు పడింది?

క్రోమ్ 2008లో వచ్చినప్పుడే ఒక్కో ట్యాబ్‌ని విడి ప్రాసెస్‌గా నడపడం మొదలెట్టింది. ఇప్పుడు పెద్ద బ్రౌజర్లన్నీ ఇదే దారి. ఒక ట్యాబ్ చచ్చిపోయి మిగతావి బతికున్నాయా? అయితే ఆ పేజీనో, మెమరీ చాలకపోవడమో ముందు చూడాలి. మొత్తం బ్రౌజరే పడిపోయిందా? తెరవగానే పడిందా, ఏదైనా పని చేస్తున్నప్పుడా? మావాడి లాప్‌టాప్‌లో వీడియో పెడితేనే పడేది. ఆ ఒక్క ముక్క నేను మొదటే అడిగి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

తర్వాత రికార్డు చూడండి. ఫైర్‌ఫాక్స్‌లోనూ క్రోమ్‌లోనూ క్రాషెస్ అనే పేజీ ఉంది, పైన చెప్పినట్టే అడ్రస్ బార్‌లో కొట్టొచ్చు. విండోస్‌లో ఇంకో మంచి సాధనం ఉంది, చాలామందికి తెలియదు. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని వెతకండి. ఏ రోజు ఏ అప్‌డేట్ పడింది, ఏ రోజు ఏ ప్రోగ్రామ్ కూలింది అన్నీ ఒకే చార్టులో రోజువారీగా కనిపిస్తాయి. కాకి ఒక్కటే వాలిందా, ఇంకేమైనా వాలాయా అక్కడ తెలుస్తుంది.

మూడు: ఒకసారికి ఒకటే మార్చండి

ల్యాబ్‌లో ఒకేసారి రెసిస్టరూ మార్చి, వోల్టేజీ కూడా మారిస్తే రీడింగ్ దేనివల్ల మారిందో చెప్పగలమా? ఇక్కడా అంతే. నా క్రమం ఇది.

ముందు కంప్యూటర్ ఒకసారి పూర్తిగా రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్ సగంలో ఆగి, పాత ఫైళ్ళూ కొత్త ఫైళ్ళూ కలిసి ఉంటే దీనితోనే సర్దుకోవచ్చు.

తర్వాత ఎక్స్‌టెన్షన్లు. అన్నీ ఆపి చూడండి. క్రాష్ ఆగితే దొంగ అందులోనే ఉన్నాడు. ఒక్కొక్కటీ కాదు, బైనరీ సెర్చ్ వాడండి: సగం ఆన్, సగం ఆఫ్. పదహారు ఎక్స్‌టెన్షన్లుంటే నాలుగు ప్రయత్నాల్లో దొరుకుతుంది. డేటా స్ట్రక్చర్స్ సబ్జెక్టు నిజ జీవితంలో ఎక్కడ పనికొస్తుందని అడిగేవాళ్ళకి ఇదే జవాబు.

ఆ తర్వాత హార్డ్‌వేర్ యాక్సిలరేషన్. వీడియో, యానిమేషన్ లాంటి పనులు బ్రౌజర్ గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తుంది. మధ్యలో ఉండే డ్రైవర్‌లో లోపముంటే బ్రౌజర్ కూడా దాంతోపాటే పడొచ్చు. సెట్టింగ్స్‌లో ఆ స్విచ్ ఆపి, రీస్టార్ట్ చేసి చూడండి.

ఫైర్‌ఫాక్స్‌లో ట్రబుల్‌షూట్ మోడ్ అని ఉంది. అది మంచిదే కానీ ఎక్స్‌టెన్షన్లనూ, యాక్సిలరేషన్‌నూ ఒకేసారి ఆపేస్తుంది. అందులో క్రాష్ ఆగితే అనుమానితులు తగ్గారని అర్థం, దొంగ దొరికాడని కాదు.

అప్పటికీ తగ్గకపోతే కొత్త ప్రొఫైల్ చేయండి. చేయండి అన్నా, పాతది చెరపండి అనలేదు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. కొత్తదానిలో బాగుండి పాతదానిలో పడుతుంటే, అప్పుడు ప్రొఫైల్ పాడైందని ధైర్యంగా చెప్పొచ్చు. రెండిట్లోనూ పడుతుంటే ప్రొఫైల్‌కి ఏ పాపం తెలియదు. విండోస్‌లో యాంటీవైరస్ లాంటివి తమ కోడ్‌ని బ్రౌజర్‌లోకి ఎక్కిస్తుంటాయి, అప్పుడు వాటి వైపు చూడండి.

పాత వెర్షన్‌కి వెళ్ళిపోదామా?

అందరూ అడిగే ప్రశ్న ఇది. కొత్త వెర్షన్ ప్రొఫైల్‌లోని డేటాబేస్‌ల రూపం మార్చి ఉండొచ్చు. పాత వెర్షన్‌కి అది అర్థం కాకపోవచ్చు. అందుకే ఫైర్‌ఫాక్స్ 2019లో వచ్చిన వెర్షన్ 67 నుంచి, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ని పాతదానితో తెరవబోతే అడ్డుపడుతుంది. పైగా అప్‌డేట్‌లలో సెక్యూరిటీ లోపాలకి మందు ఉంటుంది. బ్యాంకు పనులు చేసే మెషిన్‌లో అప్‌డేట్‌లు శాశ్వతంగా ఆపేయడమంటే, కిర్రుమంటోందని తలుపు పీకేయడమే.

ఇంతకీ మావాడి లాప్‌టాప్ సంగతి. తర్వాతి ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ చార్టు తెరిచాం. బ్రౌజర్ అప్‌డేట్ అయిన రోజే విండోస్ అప్‌డేట్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని కూడా మార్చింది. యాక్సిలరేషన్ ఆపితే వీడియో ఆగకుండా నడిచింది, ఆన్ చేస్తే పడింది. రెండుసార్లు అటూ ఇటూ చేసి ఖాయం చేసుకున్నాం. లాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి సరైన డ్రైవర్ వేశాక యాక్సిలరేషన్ ఆన్‌లో ఉన్నా ఇబ్బంది రాలేదు. మొత్తం ఇరవై నిమిషాల పని. ఒక్క ఫైలు కూడా చెరపాల్సిన అవసరం రాలేదు.

వాడు నన్ను ఏమీ అనలేదు. "పోనీలే అన్నా, నీకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది. నాకు తెలియదని ఆ రాత్రి నేనే వాడికి చెప్పి ఉండాల్సింది.

ఇప్పటికీ లాప్‌టాప్‌లు పట్టుకుని వస్తూనే ఉంటారు, నేనూ చూస్తూనే ఉంటా. కాకపోతే కీబోర్డు మీద చెయ్యి పెట్టేముందు ఒకటి అడుగుతున్నా: "ఇందులో పోతే తిరిగి రానిది ఏముంది?" దానికి జవాబు వచ్చి, కాపీ అయ్యేదాకా నా రెండు చేతులూ జేబుల్లోనే ఉంటాయి.