కాలేయంలో గడ్డ క్యాన్సర్ అవుతుందా?

ప్రశ్న: మాది దుమ్ముగూడెం మండలం. నాకు 42 ఏళ్లు. కడుపునొప్పికి భద్రాచలంలో స్కానింగ్ తీయిస్తే కాలేయంలో 3 సెంటీమీటర్ల ‘హెమాంజియోమా’ ఉందన్నారు. పెరిగి క్యాన్సర్ అవుతుందా? పసరు తాగమంటున్నారు, తాగొచ్చా?
– ఒక సోదరి

జవాబు: ధైర్యంగా ఉండండమ్మా. ఇది రక్తనాళాలు అల్లుకుని ఏర్పడే గడ్డ, క్యాన్సర్‌గా మారదు. చాలామందిలో ఏళ్ల తరబడి అదే సైజులో ఉంటుంది. కొందరిలో మెల్లగా పెరుగుతుంది. ఇంత చిన్న గడ్డ మామూలుగా నొప్పి పుట్టించదు. కాబట్టి అల్సర్, పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయేమో చూపించుకోండి.

స్కానింగ్‌లో స్పష్టత లేకపోయినా, హెపటైటిస్ బి, సి లేదా సిర్రోసిస్ ఉన్నా ఖమ్మంలోనో హైదరాబాద్ నిమ్స్‌లోనో కాంట్రాస్ట్ సీటీ లేదా ఎంఆర్ఐతో నిర్ధారించుకోవాలి. ఎందుకంటే ‘అడినోమా’ అనే మరో గడ్డ తీరు వేరు. గర్భనిరోధక మాత్రలతో అది పెరగొచ్చు, మానేస్తే తగ్గొచ్చు. 5 సెంటీమీటర్లు దాటితే రక్తస్రావం, అరుదుగా క్యాన్సర్ ముప్పు ఉంటాయి. మగవారిలో ఆ ముప్పు ఎక్కువ కనుక సైజుతో పనిలేకుండా తీసేయమంటారు.

పసరు వద్దు. అది గడ్డను కరిగించదు; కొన్ని మూలికలు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, కామెర్లు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పాత రిపోర్టులన్నీ దాచుకోండి. గడ్డ పెరిగిందో లేదో తేల్చేది వాటితో పోలికే.