బాణం కీ నొక్కితే షీటు పారిపోతోందా?

మార్చి నెలాఖరు, సాయంత్రం ఏడు దాటింది. నేను అప్పట్లో పనిచేసిన ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో ఒక్కరూ ఇంటికి కదల్లేదు. పక్క సీటులో సీనియర్ అసిస్టెంట్ మేడం ఉన్నట్టుండి, "ఇదేంటండీ, నా ఎక్సెల్‌కి దెయ్యం పట్టింది" అన్నారు. కింది బాణం నొక్కితే కింది గడిలోకి దిగాలి కదా. దిగకుండా షీటంతా పైకి జరిగిపోతోంది. ఫైలు మూసి తెరిచారు. అదే తంతు. సిస్టం రీస్టార్ట్ చేయమన్నాను. పది ఫైళ్లు తెరిచి పెట్టుకున్నాను, ఇప్పుడు చేయనంటే చేయనన్నారు. ఐటీ కుర్రాడికి ఫోన్ చేస్తే లిఫ్ట్ చేయలేదు. పాపం ఆవిడ మౌసుతో ఒక్కో గడి మీదా క్లిక్ చేస్తూ రెండు గంటలు ఎంట్రీలు కొట్టారు. తొమ్మిదింటికి కుర్రాడు తిరిగి ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు. "మేడం, కీబోర్డు మీద మూడో లైటు గానీ వెలుగుతోందా?"

వెలుగుతోంది. ఆ లైటు స్క్రోల్ లాక్‌ది. బల్ల మీద ఫైలు జరిపినప్పుడు దాని అంచు తగిలి ఉంటుంది.

అసలు ఆ కీ ఎందుకుందో చెప్పాలంటే 1981కి వెళ్లాలి. ఆ ఏడాది వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డు మీద 83 కీలే ఉండేవి. ఇప్పుడు మనకున్న విడి బాణం కీలు అందులో లేవు. కుడివైపు అంకెల కీలే రెండు పనులూ చేసేవి. 8 నొక్కితే ఎనిమిదైనా పడాలి, కర్సరైనా పైకి పోవాలి. రెండింట్లో ఏది కావాలో చెప్పడానికి నమ్ లాక్ పెట్టారు. బాణం నొక్కినప్పుడు కర్సరు కదలాలా, తెర మీద ఉన్నదంతా జరగాలా అన్నది తేల్చడానికి స్క్రోల్ లాక్ పెట్టారు. మౌసే లేని బల్లల కాలం అది. తర్వాత విడి బాణాలు వచ్చాయి, మౌసు వచ్చింది, దానికి చక్రం వచ్చింది. చాలా ప్రోగ్రాములు స్క్రోల్ లాక్‌ని పట్టించుకోవడం మానేశాయి. ఎక్సెల్ మాత్రం ఇంకా మానలేదు.

ఆ రాత్రి తర్వాత నేను కీలను వేరేగా చూడడం మొదలుపెట్టాను. కొన్ని కీలు కాలింగ్ బెల్ లాంటివి. నొక్కి వేలు తీస్తే అయిపోయింది. కొన్ని ఫ్యాను స్విచ్చి లాంటివి. మళ్లీ ఎవరైనా వెళ్లి నొక్కేదాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. ఆఫీసులో "నా సిస్టం పాడైపోయింది" అనే గోలలో నేను చూసినంతలో మంచి వాటా ఈ స్విచ్చి రకం కీలదే. కాబట్టి టికెట్ పెట్టేముందు ఆ లైట్ల వైపు ఒకసారి చూడండి. రీస్టార్ట్ చేస్తే బాగవుతుంది, నిజమే. కానీ ఎందుకు బాగైందో తెలియదు గనక వచ్చే నెల మళ్లీ అదే గోల.

స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉంటే ఎక్సెల్ కిటికీ అడుగున ఉండే పట్టీలో ఆ పేరే రాసి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆ కీ లేకపోతే విండోస్, కంట్రోల్, ఓ కలిపి నొక్కండి. తెర మీదికి కీబోర్డు బొమ్మ వస్తుంది, అందులో స్క్రోల్ లాక్ ఉంటుంది, దాన్ని క్లిక్ చేస్తే సరి.

నమ్ లాక్ చేసే చిక్కు వేరు. పాస్‌వర్డులో అంకెలుంటాయి, కుడివైపు అంకెల కీలతో కొడతాం. నమ్ లాక్ ఆఫ్‌లో ఉంటే అక్కడ ఒక్క అంకె కూడా పడదు, కర్సరు అటూ ఇటూ తిరుగుతుందంతే. పాస్‌వర్డు చుక్కలుగానే కనబడుతుంది కాబట్టి లోపలేం జరిగిందో తెలియదు. కొన్ని పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో దీనికి తిరగబడిన కథ నడుస్తుంది. అక్కడ నమ్ లాక్ ఆన్ అయితే జె, కె, ఎల్ అక్షరాలే 1, 2, 3గా పడతాయి. మూడుసార్లు తప్పితే ఖాతా మూసేసే సాఫ్ట్‌వేర్లలో ఇది తలనొప్పి. రెండోసారి తప్పగానే చేతులు తీసేయండి. యూజర్ నేమ్ గడిలో నాలుగు అంకెలు, నాలుగు అక్షరాలు కొట్టి చూసుకోండి, అక్కడైతే కళ్లకు కనిపిస్తాయి. మూడోసారికి అప్పుడు వెళ్లండి.

ఇన్సర్ట్ కీకి లైటు కూడా లేదు. వాక్యం మధ్యలో ఒక మాట చేర్చబోతే ముందున్న మాటలు ఒక్కో అక్షరమే మాయమవుతుంటే అది ఇన్సర్ట్ పనే. ఎక్సెల్ గడి లోపల దిద్దేటప్పుడూ, లిబ్రే ఆఫీస్ రైటర్‌లోనూ ఇలా జరుగుతుంది. వర్డ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లే చాలా ఏళ్ల క్రితం ఈ అలవాటును ఆపేసి పెట్టారు, కావాలంటే మనమే సెట్టింగుల్లో పెట్టుకోవాలి. జనం అవస్థ చూసే ఆపి ఉంటారని నా అనుమానం. ఇంకోసారి ఇన్సర్ట్ నొక్కితే అంతా మామూలే. అయితే ఈ కీకి ఒక మంచి గుణం ఉంది. షిఫ్ట్‌తో ఇన్సర్ట్ నొక్కితే పేస్ట్, కంట్రోల్‌తో ఇన్సర్ట్ నొక్కితే కాపీ. కంట్రోల్ వి పనిచేయని నల్ల తెరల్లో సర్వర్ల మీద పనిచేసేవాళ్లు దీని మీదే బతుకుతారు.

లైట్లన్నీ సరిగానే ఉన్నా కీబోర్డు చచ్చిపోయినట్టుంటే మరొక దొంగ ఉన్నాడు. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ అడుగుతుంది. ఆలోచనలో పడి షిఫ్ట్ మీద వేలు అలాగే ఉంచేశామనుకోండి, చిన్న పెట్టె లేస్తుంది, చదవకుండా ఎంటర్ కొట్టేస్తాం. చేతులు వణికేవారి కోసం పెట్టిన సదుపాయం అది. చటుక్కున తగిలిన నొక్కుళ్లను కీబోర్డు లెక్కలోకి తీసుకోదు. మన వేళ్లేమో అన్నీ చటుక్కునే నొక్కుతాయి! మళ్లీ కుడి షిఫ్ట్‌నే ఎనిమిది సెకన్లు పట్టుకుంటే పోతుంది. షిఫ్ట్‌ను వరసగా అయిదుసార్లు కొడితే వచ్చే స్టికీ కీస్ దీని తోబుట్టువు.

ఇక నేర్చుకుంటే పనికొచ్చేవాటిలో మొదటి పీట ప్రింట్ స్క్రీన్‌కి వేస్తాను. తెర మీదున్నది ఉన్నట్టు నేరుగా ప్రింటరుకు పంపడం దాని మొదటి పని, పేరు అక్కడిదే. ఇప్పుడది ఫొటో తీస్తుంది. విండోస్ కీతో కలిపి నొక్కితే పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డరులో ఫైలుగా దిగుతుంది. ఆల్ట్‌తో నొక్కితే ముందున్న ఒక్క కిటికీ బొమ్మే కాపీ అవుతుంది, మెయిల్లో పేస్ట్ చేసుకోవచ్చు. ఈ ఆల్ట్ సంగతి ఉద్యోగులకు ముఖ్యం. ఎర్రర్ వచ్చిందని తెర మొత్తం ఫొటో తీసి గ్రూపులో పెడతాం. పక్కన తెరిచి ఉన్న జీతాల షీటో, ఇంటావిడ పంపిన మెసేజో దాంతోపాటే వెళ్లిపోతుంది. కావలసిన ముక్క మాత్రమే చాలనుకుంటే విండోస్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కి గీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టినప్పుడు, దరఖాస్తు పంపినప్పుడు వచ్చే నంబరు పేజీని మూసేలోపు ఫొటో తీసే అలవాటు చేసుకోండి. ఎర్రర్ పెట్టె వచ్చినా అంతే. "ఏదో ఇంగ్లీషులో వచ్చిందండీ, ఓకే కొట్టేశాను" అని చెబితే ఐటీవాళ్లు చేయగలిగింది చాలా తక్కువ.

కుడి కంట్రోల్ పక్కన, చిన్న కాగితం మీద గీతలు గీసినట్టుండే కీని చాలామంది ఉద్యోగమంతా ముట్టుకోకుండానే రిటైరవుతారు. దాని పేరు మెనూ కీ. విండోస్ 95 నాటి కీబోర్డులతో వచ్చింది, మౌసు కుడి బటన్ చేసే పనే ఇదీ చేస్తుంది. మౌసు బ్యాటరీ అయిపోయిన రోజున దేవుడిలా కనిపిస్తుంది. మామూలు రోజుల్లోనూ వర్డ్‌లో ఎర్ర గీత పడ్డ మాట మీద కర్సరుంచి దీన్ని నొక్కితే సరైన స్పెల్లింగులు వస్తాయి. ఎక్సెల్‌లో కాపీ చేశాక మెనూ కీ, తర్వాత వి నొక్కితే ఫార్ములాలు రాకుండా వట్టి అంకెలే దిగుతాయి. రోజుకు యాభైసార్లు ఆ పని చేసేవాళ్లకు దీని విలువ నేను చెప్పనక్కర్లేదు. 2024 నుంచి వస్తున్న కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ చోటును కోపైలట్ కీ ఆక్రమించింది. అలాంటి చోట షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కండి, అదే పని అవుతుంది.

పాజ్, బ్రేక్ ఒకే కీ మీద కాపురం చేస్తాయి. బ్రేక్ అన్న మాట తంతి కాలం నాటిది. అవతలివాడు పంపుతుండగా ఇవతలివాడు ఆపాలంటే తీగలో కరెంటు తెంపేవాడు. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ముగిసింది, ఆ తెంపు మాత్రం కీబోర్డు మీద మిగిలిపోయింది. ఎక్సెల్‌లో మాక్రో ఆగకుండా తిరుగుతుంటే కంట్రోల్‌తో బ్రేక్ నొక్కితే ఆగుతుంది. విండోస్ కీతో పాజ్ నొక్కితే మీ సిస్టం వివరాల పేజీ తెరుచుకుంటుంది. "మీ సిస్టం పేరు చెప్పండి" అని ఫోన్లో అడిగినప్పుడు వెతుక్కోకుండా చదివి చెప్పొచ్చు. ల్యాప్‌టాప్‌లలో ఇవి అక్షరాల కింద దాక్కుంటాయి. థింక్‌ప్యాడ్లలో ఎఫ్ఎన్‌తో పి పాజ్, బి బ్రేక్, కె స్క్రోల్ లాక్.

ప్రింట్ స్క్రీన్ కిందే కొన్ని కీబోర్డుల మీద సిస్ ఆర్‌క్యూ అని ఉంటుంది. 1984లో ఐబీఎం ఏటీతో వచ్చిన ఎనభై నాలుగో కీ అది. లినక్స్ సర్వర్లు చూసేవాళ్లు కాకపోతే దాన్ని నిశ్చింతగా మరిచిపోండి.

చివరిది కుడి ఆల్ట్. ఎడమ ఆల్ట్‌కి నకలే అనుకుంటాం గానీ రూపాయి గుర్తు దీని చేతిలోనే ఉంది. రూపాయి గుర్తును 2010 జులైలో ప్రభుత్వం ఆమోదించింది. ఇన్నేళ్లయినా బిల్లుల్లో ఇంకా ఆర్, ఎస్ కొట్టేవాళ్లు, ఇంటర్నెట్‌లో వెతికి ₹ కాపీ చేసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. విండోస్ భాషల సెట్టింగుల్లో అమెరికా ఇంగ్లీషు బదులు ఇండియా ఇంగ్లీషు కీబోర్డు పెట్టుకుని, కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కండి. ₹ పడుతుంది. ఆ మార్చి తర్వాత మా మేడం కీబోర్డు మీద రెండు చీటీలు వెలిశాయి. స్క్రోల్ లాక్ మీద ఎర్ర సిరాతో 'ముట్టకు' అని ఒకటి, 4 మీద 'రూపాయి' అని ఇంకొకటి.