భయములో నమ్మకత్వము – స్ముర్న సంఘము నేర్పు పాఠము

వాక్యభాగము: ప్రకటన గ్రంథము 2:8-11
తోడుగా చదువవలసినవి: కీర్తన 56, మత్తయి 10:16-33, అపొస్తలుల కార్యములు 9:23-25
కంఠస్థము చేయవలసినది: ప్రకటన 2:10



ఆసియలోని ఏడు సంఘములకు ప్రభువు యోహానుచేత పత్రికలు వ్రాయించెను. వాటిలో స్ముర్న సంఘమునకు వచ్చినది మిక్కిలి చిన్నది. దానికి నాలుగే వచనములు. అయిదు సంఘములను ప్రభువు ఏదో ఒక తప్పు విషయమై గద్దించెను. స్ముర్నను, ఫిలదెల్ఫియను మాత్రము గద్దింపలేదు. తప్పు లేని సంఘమునకు ఇక కష్టము ఉండదని మనము తలంతుము. అయితే ఆయన వారికి చెప్పిన సంగతి వేరు. మీలో కొందరు చెరలో వేయబడుదురనియు, శ్రమ కలుగుననియు ముందుగానే తెలియజేసెను. తెలియజేసి, భయపడవద్దనెను.

ఇక్కడ మనకు ఒక ప్రశ్న పుట్టుచున్నది. భయము మనము పిలువకయే వచ్చును గదా? గుండె వణకుచున్న మనుష్యుడు దేవునికి నమ్మకముగా ఉండగలడా? ఈ నెల పాఠములో ఈ సంగతిని ఆలోచింతము.

1. ఆ పట్టణము ఎట్టిది?

స్ముర్న సముద్రతీరమున ఉన్న గొప్ప రేవు పట్టణము. అది నేడు టర్కీ దేశములో ఇజ్మీరు అను పేరుతో ఉన్నది. రోమా ప్రభుత్వముపట్ల భక్తి చూపుటలో ఆ పట్టణము ముందుండెను. క్రీ.పూ. 195లోనే అక్కడ రోమా పేరిట దేవతగుడి కట్టిరి. క్రీ.శ. 26లో తిబెరి కైసరుకు గుడి కట్టు గౌరవము మాకు కావలెనని ఆసియలోని పదకొండు పట్టణములు పోటీపడగా, అది స్ముర్నకే దక్కెను.

ఇట్టి ఊరిలో కైసరును ప్రభువనుట ఊరి మర్యాద. అందరు చేయు పనిని చేయనివాడు ఊరికి ద్రోహిగా కనబడును. ఊరంతయు ఒక దారిని పోవుచుండగా నాలుగు ఇండ్లవారు వేరొక దారిని నడచుట ఎంత కష్టమో మన పల్లెలలోని విశ్వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

2. ప్రభువు ఎరిగియున్నాడు

పత్రిక మొదట ప్రభువు తన్నుతాను మృతుడై మరల బ్రదికినవానిగా తెలుపుకొనెను. చావుకు భయపడు సంఘముతో మాటలాడుటకు ఆయనకే తగును. ఆయన ఆ దారిని నడచి వచ్చినవాడు.

తరువాత వారి శ్రమను, దరిద్రతను, వారిమీద పడిన నిందలను తాను ఎరుగుదునని చెప్పెను. మూలభాషలో ఆ దరిద్రత అను మాటకు చేతిలో ఏమియు లేని లేమి అని అర్థము. అయినను ఆయన లెక్కలో వారు ధనవంతులు. గాదె నింపెదనని ఆయన చెప్పలేదు. వారికి అప్పటికే ఉన్న ఆస్తిని వారికి చూపెను.

శ్రమ పది దినములు ఉండునని కూడ చెప్పెను. కొందరు దీనిని సరిగా పది దినములని తలంతురు. కొందరు కొద్దికాలమని తలంతురు. ఎట్లైనను, శ్రమకు గట్టు వేసినవాడు ప్రభువే. ఆ గట్టు దాటుటకు అపవాదికి సెలవు లేదు.

3. భయము పాపమా?

భయము లేనివారితో భయపడవద్దని ఎవరును చెప్పరు. వారు భయపడుచుండిరి గనుకనే ప్రభువు ఆ మాట చెప్పెను. 56వ కీర్తనలో దావీదు తనకు భయము కలిగిన దినమును దాచలేదు. ఆ దినముననే దేవునిని ఆశ్రయించుటకు తీర్మానించుకొనెను. గెత్సేమనే తోటలో మన ప్రభువు బహుగా చింతాక్రాంతుడాయెను గాని తండ్రి చిత్తమును విడువలేదు.

ఆపదనుండి తప్పించుకొనుట కూడ ప్రభువును విడుచుట కాదు. ఒక పట్టణములో హింసించినయెడల మరియొక పట్టణమునకు పారిపోవుడని ఆయనయే శిష్యులకు ఆజ్ఞాపించెను (మత్తయి 10:23). దమస్కులో పౌలును గంపలో ఉంచి గోడమీదనుండి దింపిరి. కాళ్లు పరుగెత్తవచ్చును. హృదయము ప్రభువును విడువకుండుటయే ముఖ్యము.

4. ఇద్దరు మనుష్యులు

ఈ పత్రిక వచ్చిన సుమారు అరువది ఏండ్లకు, అనగా క్రీ.శ. 155 ప్రాంతమున, స్ముర్నలో హింస లేచెను. అప్పుడు జరిగిన సంగతులను ఆ సంఘమువారు ఫిలొమేలియము అను ఊరి సంఘమునకు లేఖగా వ్రాసిరి. ఆ లేఖ నేటికిని ఉన్నది.

అందులో క్వింతు అను ఒకడు కనబడుచున్నాడు. అతడు ఫ్రుగియనుండి వచ్చినవాడు. ఎవరును పట్టుకొనకముందే తనంతట తాను అధికారుల యొద్దకు వెళ్లెను. మరికొందరిని కూడ అట్లు చేయుమని బలవంతపెట్టెను. అయితే అడవి మృగములను చూడగానే అతని ధైర్యము కరగిపోయెను. అతడు కైసరుపేర ప్రమాణము చేసి ధూపము వేసెను. తమంతట తాము ఆపదలోనికి దూకువారిని మేము మెచ్చుకొనమని ఆ సంఘమువారు వ్రాసిరి.

రెండవవాడు వారి అధ్యక్షుడైన పోలికార్పు. ఆ వృద్ధుడు మొదట పట్టణములోనే ఉండదలచెను గాని, సంఘమువారి మాట విని ఊరి వెలుపలనున్న ఒక పొలములోని ఇంటికి, అక్కడనుండి మరియొక ఇంటికి వెళ్లెను. భటులు అక్కడికిని వచ్చినప్పుడు ఇక పారిపోలేదు. వచ్చినవారికి భోజనము పెట్టించి, ప్రార్థించుకొనుటకు ఒక గంట అడిగెను. రెండు గంటలు ప్రార్థించెను. తాను ఎరిగినవారినందరిని, చిన్నలనేమి గొప్పలనేమి, ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనెను.

దారిలో ఒక అధికారియు అతని తండ్రియు ఆయనను తమ బండిలో ఎక్కించుకొని, కైసరు ప్రభువని ఒక్క మాట అని ధూపము వేసి ప్రాణము దక్కించుకొనినయెడల నష్టమేమని నయముగా అడిగిరి. ఆయన ఒప్పుకొననందున బండిలోనుండి త్రోసివేయగా కాలికి గాయమాయెను. ఆయన దానిని లెక్కచేయక నడచి వెళ్లెను. క్రీస్తును దూషింపుమని అధిపతి అడిగినప్పుడు, తాను ఎనుబదియారు ఏండ్లు ఆయనను సేవించితిననియు, ఆయన తనకు ఏ కీడును చేయలేదనియు, తన రాజును ఎట్లు దూషింపగలననియు చెప్పెను. ఆయనను అగ్నిలో నిలిపి, చివరకు కత్తితో పొడిచి చంపిరి.

ఆ లెక్క చూడుడు. ప్రకటన గ్రంథము స్ముర్నకు వచ్చిన నాటికే పోలికార్పు విశ్వాసి. ఈ నాలుగు వచనములు ఆ సంఘములో చదువబడగా ఆయన యౌవనములో చెవులార వినియుండవచ్చును. క్వింతు నమ్మినది ఆ దినపు ఆవేశమును. పోలికార్పుకు ఆసరా అయినది ఎనుబదియారు ఏండ్ల నడక.

5. మన మాట

మనలో అనేకులకు సింహములు ఎదురుపడవు. అయితే "ఒక్క మాటే గదా, నష్టమేమి?" అను ప్రశ్న మన గుమ్మములోనికి కూడ వచ్చును. పని ఇచ్చువాడు అబద్ధసాక్ష్యము చెప్పుమనును. బంధువులు పెండ్లి సంబంధము కొరకు బాప్తిస్మము సంగతి దాచుమందురు. కూలి పోవునను భయము, ఊరివారు మాటలు మానివేయుదురను భయము మనలను పట్టును. ఆ భయము నిజమైనదే. దానిని ఎగతాళి చేయకూడదు. ఆ భయముతోనే ప్రభువు యొద్దకు పోవలెను.

నమ్మకత్వము ఆపద దినమున ఒక్కసారిగా పుట్టునది కాదు. అన్నము ముందు చేయు ప్రార్థనలో, సరిగా తూచిన తూకములో, వానకాలమందును మానని ఆరాధనలో అది కొంచెము కొంచెముగా పెరుగును.

ఒకవేళ ఎవరైనను భయముచేత పడిపోయియుంటిరా? పేతురును తలంచుకొనుడు. చిన్నదాని మాటకు జడిసి ప్రభువును ఎరుగనన్నవానినే ఆయన సముద్రపు ఒడ్డున మరల పిలిచి తన గొఱ్ఱెలను అప్పగించెను (యోహాను 21). పడినవానిని సంఘము వెలివేయక చేయిపట్టి లేపవలెను. హింస పొందుచున్న కుటుంబమును ఒంటరిగా విడువక, ధాన్యముతోను ప్రార్థనతోను ఆదుకొనవలెను.

ఆ దినములలో పందెము గెలిచినవానికి ఆకులతో అల్లిన కిరీటము పెట్టెడివారు. అది వాడిపోవును. ప్రభువు తనవారి కొరకు ఉంచినది జీవకిరీటము. రెండవ మరణము దానిని తాకజాలదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. స్ముర్నవారు దరిద్రులైయుండియు ఏ విషయములో ధనవంతులు?
2. ఆపదనుండి తప్పించుకొనుటకును ప్రభువును ఎరుగననుటకును భేదమేమి?
3. మన గ్రామములో "నష్టమేమి?" అను ప్రశ్న ఏ రూపమున వచ్చుచున్నది?
4. భయములో ఉన్న ఒక కుటుంబమునకు మన సంఘము ఈ నెల ఏమి చేయగలదు?

ప్రార్థన: మృతుడవై మరల బ్రదికిన ప్రభువా, మా భయమును నీవెరుగుదువు. దినదినము నీతో నడచుట మాకు నేర్పుము. శ్రమదినమున మమ్మును విడువకుము. పడిన మా సహోదరులను లేపుము. ఆమేన్.